వాగు దాటిన జీపు – నీళ్ళు తాగిన పెట్టె

జీపుకు ముందు రేడియేటరు ఉంటుందనీ, దాని వెనక ఒక ఫ్యాను తిరుగుతుందనీ అందరికీ తెలుసు. ఆ ఫ్యానును ఎవరు తిప్పుతున్నారన్నది మాత్రం బండి మరిగి రోడ్డు పక్కన ఆగేదాకా ఎవరికీ పట్టదు. పాత జీపుల్లోనూ, మన ఊళ్ళ ట్రాక్టర్లలో చాలావాటిలోనూ ఆ పని బెల్టుది. ఇంజను తిరిగినంతసేపూ బెల్టు తిరుగుతుంది, బెల్టుతో పాటు ఫ్యానూ తిరుగుతుంది. దీంట్లో ఒక లోపం ఉంది. చలికాలం తెల్లవారుజామున ఇంజను ఇంకా వేడెక్కకముందే ఫ్యాను అనవసరంగా తిరుగుతుంది. ఎండలో లోడుతో కొండ ఎక్కుతూ ఇంజను నెమ్మదించినప్పుడు, అంటే సరిగ్గా గాలి కావలసిన సమయానికి, తానూ నెమ్మదిస్తుంది. ఈ లోపం పోగొట్టడానికి వచ్చిందే ఎలక్ట్రిక్ ఫ్యాను.

ఎలక్ట్రిక్ ఫ్యానుకు ఒక మేస్త్రీ కావాలి. రేడియేటరు నీళ్ళు సుమారు 95 డిగ్రీలకు చేరగానే ఫ్యాను వేసి, కొన్ని డిగ్రీలు తగ్గాక ఆపేవాడన్నమాట. ఆ మేస్త్రీయే కంట్రోలరు. సాదా రకంలో ఉండేది ఒక థర్మో స్విచ్చి, ఒక రిలే, ఒక ఫ్యూజు, అంతే. కొత్త రకంలో రిలేకు బదులు ట్రాన్సిస్టర్లుంటాయి. అవి కరెంటును గబగబా వేస్తూ తీస్తూ ఫ్యాను వేగాన్ని అవసరం మేరకు హెచ్చిస్తాయి, తగ్గిస్తాయి. ఏ రకమైనా అది మోసే బరువు తక్కువేం కాదు. 12 వోల్టుల బ్యాటరీ మీద 20 ఆంపియర్లు లాగే ఫ్యాను అంటే 240 వాట్లు. మన హాస్టల్లో మూడు సీలింగ్ ఫ్యాన్లు తినే కరెంటు అది. అంత కరెంటు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన పెట్టె గుండా పోతుంది. ఆ పెట్టె ఎక్కడుంటుందీ అంటే, వాగులో దిగగానే మొట్టమొదట నీళ్ళు తగిలే చోట, రేడియేటరు పక్కన.

ఈ పెట్టెలోకి నీళ్ళు ఎలా వెళ్తాయి, వెళ్ళకుండా ఏం చెయ్యాలి అన్నదే ఈ వ్యాసం. సావనీరుకు రాయడానికి నీకింతకంటే విషయం దొరకలేదురా అని మిత్రులు నవ్వారు. నవ్వనివ్వండి.

మా పెదనాన్నగారి అబ్బాయి జీపు తోలుతాడు. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు తారురోడ్డు వదిలాక వచ్చే కొండ ఊళ్ళకు సంత రోజుల్లో మనుషుల్నీ సరుకుల్నీ చేరవెయ్యడమే అతని బతుకుతెరువు. ఇంజను మార్పించినప్పుడు కారు నుంచి తీసిన ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించాడు. దానికి కంట్రోలరు పెట్టె అమ్మిన దుకాణాయన “గ్యారంటీగా వాటర్‌ప్రూఫ్ అండి, చెరువులో పడేసినా ఏం కాదు” అన్నాడు. అది చాలక అన్నయ్య చుట్టూ వేలు మందాన సిలికాన్ పూయించాడు. మొన్న వానాకాలంలో ఒకరోజు రెండు వాగులు దాటి ఘాట్ ఎక్కుతుండగా ఫ్యాను వెయ్యలేదు. ముల్లు ఎర్రగీత దాటిన సంగతి చూసేసరికే ఆవిరి తన్నింది. హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్డు వంకరపోయింది. ఆ నెల కిస్తీ డబ్బు మొత్తం మెషిన్ షాపుకే పోయింది. అది పోనీండి. బండిలో జ్వరంతో ఉన్న పిల్లను ఆసుపత్రికి తీసుకువెళుతున్న ఒక తండ్రి ఉన్నాడు. మిగతా దారి ఆయన పిల్లను భుజాన వేసుకునే నడిచాడు. ఇరవై ఆంపియర్ల రిలే ఒకటి పనిచెయ్యకపోతే జరిగేది ఇది.

తరువాత ఆ పెట్టె విప్పి చూశాం. పగులు లేదు, మూత ఊడలేదు, సిలికాన్ పూత చెక్కుచెదరలేదు. లోపల మాత్రం మూడు నాలుగు చెంచాల నీళ్ళు! రిలే కాళ్ళు పచ్చగా తుప్పుపట్టి ఉన్నాయి. మెకానిక్ చూసి “సిలికాన్ చాలలేదండి, ఇంకో పూత వెయ్యాలి” అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. అంత గట్టిగా మూసిన పెట్టెలోకి అడుగున్నర లోతు వాగులో, అదీ రెండు నిమిషాల్లో, అన్ని నీళ్ళు దూరడమేమిటి? తడిస్తే అన్ని నీళ్ళు పోవు. ఎవరో లోపల్నించి లాగాలి.

లాగింది వేడి. ఇంటర్మీడియట్‌లో వాయు నియమాలు చదివి పరీక్షలో రాసి మరిచిపోతాం గదా, ఆ లెక్కే ఇక్కడ పనికొచ్చింది. ఇంజను పక్కన పెట్టె లోపలి గాలి 80 డిగ్రీల సెంటిగ్రేడు ఉందనుకుందాం, అంటే 353 కెల్విన్. వాగు నీళ్ళు 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్. పెట్టె నీళ్ళలో మునగగానే లోపలి గాలి చల్లబడుతుంది. ఘనపరిమాణం మారకపోతే పీడనం ఉష్ణోగ్రతతో పాటే తగ్గాలి. 300ని 353తో భాగిస్తే 0.85. అంటే లోపల పీడనం బయటికంటే 15 శాతం తక్కువ. వాతావరణ పీడనం సుమారు పది మీటర్ల నీటి స్తంభానికి సమానం కాబట్టి, ఈ 15 శాతం ఒకటిన్నర మీటర్ల నీటి స్తంభానికి సమానం. అంటే పెట్టె మునిగింది అడుగున్నర లోతులోనే అయినా, దానికి మాత్రం అయిదడుగుల నీళ్ళు అదనంగా మీద ఉన్నట్టు. వాగు దాని మీదికి రాలేదు, అదే వాగును పీల్చుకుంది.

ఎన్ని నీళ్ళు పీలుస్తుందో కూడా లెక్క తేలుతుంది. పెట్టెలో 200 మిల్లీలీటర్ల గాలి ఉంటే, లోపలా బయటా పీడనం సమానమయ్యేదాకా అందులో 15 శాతం, అంటే 30 మిల్లీలీటర్ల జాగా నీళ్ళు ఆక్రమించాలి. ఆరు టీ చెంచాలు. మేం చూసింది మూడు నాలుగు చెంచాలు కాబట్టి లెక్కకు లోబడే ఉంది. సూది మొనంత సందు ఉన్నా చాలు ఈ పని జరగడానికి.

మరి సందే లేకుండా మూస్తే? అప్పుడు ఆ పీడన భేదాన్ని మూత మొయ్యాలి. పది సెంటీమీటర్ల పొడవు, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మూత మీద పడే బలం సుమారు 12 కిలోల బరువుకు సమానం. ప్రతి వాగు దగ్గరా ప్లాస్టిక్ మూత మీద 12 కిలోల బస్తా పెట్టి తీసినట్టన్నమాట. మళ్ళీ వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి మూతను బయటికి తోస్తుంది. రబ్బరు ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? ఒకనాడు ఎక్కడో సన్నని సందు పడుతుంది. అక్కడి నుంచి ఆ పెట్టె ఒక చేతిపంపే. చల్లబడినప్పుడు నీళ్ళు లాగుతుంది. వేడెక్కినప్పుడు పైనున్న గాలిని వదులుతుంది గాని అడుగునున్న నీళ్ళను వదలదు. సిలికాన్ ఎంత బాగా పూస్తే లోపలికొచ్చిన నీళ్ళకు బయటికి దారి అంత బాగా మూసుకుపోతుంది.

నమ్మకం లేనివారు ఒక గట్టి ప్లాస్టిక్ సీసా మూతకు సూదితో బెజ్జం పెట్టి, సీసాను కాసేపు వేడినీళ్ళలో ఉంచి, వెంటనే తలకిందులుగా చన్నీళ్ళ బకెట్లో ముంచి చూడండి. బెజ్జంలోంచి లోపలికి నీటిధార చిమ్ముతుంది.

దుకాణాయన అబద్ధం చెప్పాడా అంటే అదీ కాదు. పెట్టె మీద ఐపి 67 అని ఉంది. ఇది అంతర్జాతీయ ప్రమాణం. మొదటి అంకె దుమ్ముకు సంబంధించింది, రెండవది నీటికి. రెండవ అంకె 7 అయితే ఒక మీటరు లోతులో అరగంట ముంచినా హాని చేసేంత నీరు లోపలికి పోరాదు. బాగానే ఉంది. అయితే ఆ పరీక్షకు ఒక షరతు ఉంది. నీటి ఉష్ణోగ్రతకూ వస్తువు ఉష్ణోగ్రతకూ తేడా 5 డిగ్రీలు మించకూడదు! అంటే చల్లటి పెట్టెను చల్లటి నీళ్ళలో ముంచి ఇచ్చిన సర్టిఫికెట్ అది. మన పెట్టెకున్న తేడా 53 డిగ్రీలు. దాని గురించి ఐపి 67 ఒక్క మాటా చెప్పదు. మోటారు వాహనాల విడిభాగాలకు వేరే ప్రమాణాలున్నాయి, వాటిలో వస్తువును బాగా వేడిచేసి వెంటనే మంచునీళ్ళలో ముంచే పరీక్ష ఉంది. కొనేవారు అడగవలసింది ఆ పరీక్ష సంగతి.

ఇంకో తమాషా. 7 అన్నది 5, 6 కంటే పెద్ద అంకె కాబట్టి వాటిని కూడా దాటేసినట్టే అనుకుంటాం. కాదు. 5, 6 అంకెలు పైపుతో కొట్టే నీటిధారకు సంబంధించినవి. ముంచే పరీక్ష నెగ్గింది ధార పరీక్ష నెగ్గాలని లేదు. రెండూ నెగ్గితే రెండు అంకెలూ విడివిడిగా వేస్తారు. బండిని తోలి తెచ్చి, ఇంజను సలసల కాగుతుండగానే వాటర్ సర్వీసింగ్ వాడి చేతిలో పెడతాం చూడండి, వేడి పెట్టె మీద ఒకేసారి చన్నీళ్ళూ, పీడనమూ! నా ఉద్దేశంలో ఏడాదికి నాలుగు వాగులు చేసే చెరుపు ఒక్క సర్వీసింగ్ చేస్తుంది.

విచిత్రమేమిటంటే, ఈ ఊపిరి సంగతి జీపువాళ్ళకు కొత్త కాదు. వేడెక్కిన యాక్సిల్ వాగులో దిగితే లోపలి గాలి ముడుచుకుని ఆయిల్ సీలు పక్కనుంచి నీళ్ళు లాగుతుంది, గేర్ ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. అందుకే యాక్సిల్‌కు బ్రీదర్ అని ఒక చిన్న ఊపిరి రంధ్రం పెడతారు. అనుభవజ్ఞులు దానికి రబ్బరు గొట్టం తగిలించి బానెట్టు ఎత్తుదాకా తీసుకుపోతారు. యాక్సిల్ చల్లబడితే పైనుంచి పొడిగాలి పీలుస్తుంది, నీళ్ళు పీల్చే అవసరం దానికి రాదు. ఇనుప యాక్సిల్‌కు ఇచ్చిన ఊపిరిని ప్లాస్టిక్ పెట్టెకు ఇవ్వకూడదని ఎవరు చెప్పారు?

ఇంతకంటే పెద్ద ఉదాహరణ మా పొలంలోనే ఉంది. బోరులో దించే సబ్‌మెర్సిబుల్ మోటారు ఏళ్ళ తరబడి నీళ్ళలోనే ఉంటుంది. అది నీళ్ళు చొరనియ్యని మోటారని చాలామంది అనుకుంటారు. నిజానికి దించే ముందు దాని కడుపు నిండా మంచినీళ్ళు మనమే పోస్తాం. లోపలి రాగితీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి నీళ్ళు తగిలినా ఫరవాలేదు. అడుగున ఒక రబ్బరు పొర ఉంటుంది. లోపలి నీళ్ళు వేడెక్కి వ్యాకోచిస్తే అది ఉబ్బుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. పీడనం లోపలా బయటా ఎప్పుడూ సమానం, కాబట్టి పీల్చడమన్నది లేదు. గట్టు మీద కర్రకు కొట్టిన స్టార్టరు పెట్టె మాత్రం వానకూ, బల్లులకూ, చీమలకూ ఏటేటా కాలుతూ ఉంటుంది. నీళ్ళలో ఉన్నది బతికింది, గట్టు మీదున్నది చచ్చింది!

పెట్టెలోకి నీళ్ళు పోయే దారి మూత ఒక్కటే కాదు. అతి దొంగదారి తీగలోనే ఉంది. రాగి తీగ సన్నని పోగుల కట్ట, పోగుల మధ్య సందులు దీపపు వత్తిలో ఉన్నట్టే ఉంటాయి. తీగకు ఎక్కడో దూరాన ప్లాస్టిక్ తొడుగు చిట్లితే అక్కడ నీళ్ళు ఎక్కి, కేశాకర్షణ వల్ల తొడుగు లోపలే ప్రయాణం చేస్తాయి. ఆ చివర చల్లబడుతున్న పెట్టె ఉంటే ఇక చెప్పాలా, స్ట్రా వేసి తాగినట్టు తాగుతుంది. అందుకని పెట్టెలోకి పోయే ముందు తీగను ఒకచోట ఒలిచి, పోగుల మధ్య సందు లేకుండా టంకం నింపి, పైన లోపల జిగురున్న ష్రింక్ గొట్టం వేడితో బిగించాలి. తీగలు పెట్టెకు పైనుంచి కాక కిందినుంచే ఎక్కాలి, ఎక్కేముందు కిందికి ఒక వంపు తిరగాలి. ఇంటికి సర్వీసు వైరు లాగేటప్పుడు లైన్‌మాన్ గోడ దగ్గర వంపు వదుల్తాడు గదా, వాన చుక్క అక్కడే రాలిపోవాలని. అదే.

లోపలికి పోయిన నీళ్ళు చేసే పని కూడా చెప్పాలి. చాలా బళ్ళలో ఇంజను ఆపాక కూడా ఫ్యాను కాసేపు తిరగడానికి వీలుగా కంట్రోలరుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఇచ్చే ఉంచుతారు. వాగు నీళ్ళలో లవణాలుంటాయి. 12 వోల్టులు, తడి, రెండు రాగి కాళ్ళు: మన ల్యాబులోని విద్యుద్విశ్లేషణ ఘటమే! ధన ధ్రువం వైపు రాగి కరిగిపోతుంది. ఒక్క మిల్లీ ఆంపియరు కరెంటు ఒక రోజంతా పారి, అదంతా రాగిని కరిగించడానికే పోతే, ఫారడే నియమం ప్రకారం 28 మిల్లీగ్రాముల రాగి పోతుంది. సర్క్యూట్ బోర్డు మీద ఒక సెంటీమీటరు పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు ఉన్న రాగి గీత బరువు సుమారు 3 మిల్లీగ్రాములు. మూడు గంటలు చాలు. అందుకే బండి వాగు దాటిన రోజు బాగానే ఉంటుంది, రాత్రి చావడిలో ఊరికే నిలబడి ఉండగా చెడుతుంది, మర్నాడు ఘాట్‌లో బయటపడుతుంది. వాగుకూ దీనికీ సంబంధం ఉందని డ్రైవరుకు తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ఏం చెయ్యాలి? అన్నిటికంటే మంచి మందు, నీళ్ళున్న చోట పెట్టెను ఉంచకపోవడం. రిలేను ఇంజను వెనక గోడకు బాగా ఎత్తులో పెట్టండి, వీలైతే డ్రైవరు దగ్గర లోపలే పెట్టండి. తీగ పొడవైతే వోల్టేజి పడిపోతుందని కొందరు భయపెడతారు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రెండు మీటర్లు అదనంగా వేసినా 20 ఆంపియర్ల దగ్గర పోయేది 0.17 వోల్టు మాత్రమే. ఫ్యూజు మాత్రం బ్యాటరీ పక్కనే ఉండాలి. పెట్టె దగ్గర ఉంటే మధ్యలో తీగ ఒరుసుకున్నప్పుడు కాపాడేది ఏమీ ఉండదు, బండి అంటుకుంటుంది.

రిలే ముందువైపే ఉండక తప్పకపోతే నేను చెప్పేది కొంచెం ఎదురుగా అనిపిస్తుంది: పెట్టెకు అడుగు తీసెయ్యండి. గ్లాసు బోర్లించి నీళ్ళలో ముంచితే లోపల గాలి నిలుస్తుంది గదా. పది సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టెను బోర్లించి, రిలేను లోకప్పుకు బిగించామనుకోండి. వేడిగాలి చల్లబడి ముడుచుకున్నందుకు నీళ్ళు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కుతాయి, అరమీటరు లోతు పీడనానికి ఇంకో అర సెంటీమీటరు. మొత్తం రెండు సెంటీమీటర్లు. పైన ఎనిమిది సెంటీమీటర్లు పొడిగానే ఉంటుంది. గట్టెక్కగానే ఆ నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. పీడన భేదమే లేదు కాబట్టి పీల్చడం లేదు, రబ్బరు లేదు, సిలికాన్ లేదు. బండి బాగా ఒరిగితే ఒక పక్కనుంచి గాలి తప్పించుకుంటుంది కాబట్టి పెట్టె వెడల్పు తక్కువగా, ఎత్తు ఎక్కువగా ఉండాలి. అడుగునుంచి చిమ్మే బురదకు అడ్డంగా రెండంగుళాల కింద ఒక రేకు ముక్క చాలు. అన్నయ్య జీపుకు ఇప్పుడున్నది ఇదే, పైపు ముక్కతో చేసింది.

ట్రాన్సిస్టర్ల రకానికి ఇది సరిపోదు. అవి తామే వేడి పుట్టిస్తాయి, ఆ వేడి అల్యూమినియం దిమ్మె గుండా బయటికి పోవాలి. అక్కడ ఖాళీనే లేకుండా చెయ్యాలి. బోర్డు మీద వార్నిష్ లాంటి పూత వేసి, పెట్టెను మెత్తని సిలికాన్ గుజ్జుతో నింపుతారు. ముడుచుకోవడానికి లోపల గాలే లేకపోతే పీల్చేదేముంది? గట్టిగా రాయిలా అయ్యే ఎపాక్సీ కంటే మెత్తనిదే మేలని నా అభిప్రాయం, వేడికి వ్యాకోచించినప్పుడు ఎపాక్సీ టంకం అతుకులను లాగి తెంపగలదు. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ ట్యూబు మాత్రం వాడవద్దు. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, మూసిన పెట్టెలో అది రాగినే తింటుంది. ఆమ్లం విడుదల చెయ్యని రకం వేరే ఉంటుంది, అడిగి తీసుకోవాలి. ఖాళీ ఉంచక తప్పని పెద్ద పెట్టెలకు ఫ్యాక్టరీవాళ్ళు ఒక చిన్న బిళ్ళ అతికిస్తారు. 1969లో రాబర్ట్ గోర్ అనే అమెరికన్ వేడి టెఫ్లాన్‌ను ఒక్కసారిగా లాగి సాగదీస్తే అతి సూక్ష్మమైన రంధ్రాలున్న పొర తయారైంది. దాని గుండా గాలి పోతుంది, నీటి చుక్క పోదు. వానకోట్లలో వాడే పొర అదే. పెట్టెకది ముక్కన్నమాట.

ఫ్యాను మోటారుకు అడుగున చిన్న రంధ్రం ఉంటే అది నీళ్ళు పోవడానికి పెట్టిందే. దాన్ని ఎం-సీల్‌తో మూసేవాళ్ళను చూశాను. దయచేసి మూయవద్దు.

చివరికి ఒక స్విచ్చి గురించి. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు సాంద్రమైంది. తిరుగుతున్న ఫ్యాను నీళ్ళలో మునిగితే రెక్క కదలలేదు, మోటారు ఆగినంత పనై కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫ్యూజు పోతుంది, లేదా రిలే కాంటాక్టులు అతుక్కుపోతాయి. రెక్కలు వంగి రేడియేటరును గీరేయడమూ ఉంది. పాతకాలం డ్రైవర్లు లోతు వాగు ముందు బండి ఆపి ఫ్యాను బెల్టు విప్పేది ఇందుకే. ఎలక్ట్రిక్ ఫ్యానుకు రిలే కాయిల్ తీగలో ఒక చిన్న స్విచ్చి పెట్టుకుంటే చాలు, దానికి 20 ఆంపియర్లు మొయ్యవలసిన పని కూడా లేదు. వాగులో దిగేముందు ఆపాలి. నీళ్ళలో ఉన్న ఆ రెండు నిమిషాలూ వాగే రేడియేటరును చల్లబరుస్తుంది. ఇంకా మంచిది, దిగేముందు బానెట్టు ఎత్తి అయిదు నిమిషాలు ఆగి పెట్టెను కొంత చల్లారనివ్వడం. 80 డిగ్రీలు 50కి దిగితే ఒకటిన్నర మీటర్ల లాగుడు డెబ్భై సెంటీమీటర్లకు పడిపోతుంది. గట్టెక్కాక స్విచ్చి మళ్ళీ వెయ్యడం మరిచిపోతే మొత్తం కథ మొదటికొస్తుంది కాబట్టి, స్విచ్చి ఆపి ఉన్నంతసేపూ వెలిగే ఎర్రదీపం ఒకటి డ్రైవరు కళ్ళెదుట పెట్టించాలి. అన్నయ్య దీపంతో పాటు బజరు కూడా పెట్టించాడు. అది మోగుతుంటే వెనక కూర్చున్న సంత జనం “ఆపవయ్యా బాబూ” అని గోల పెడతారట. ఆపాలంటే ఫ్యాను వెయ్యాల్సిందే.